ఎవరినీ ఎరగని పీఠం

నాకు ఏమీ తెలియదని ప్రభుత్వం వారు ఉత్తర్వు ఇచ్చారు. గుండ్రటి ముద్ర వేసి, కింద ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి మరీ ఇచ్చారు. "శ్రీమతి పేరిందేవి, కర్రీ పాయింట్ యజమానురాలు, వైద్యశాస్త్రమునందుగానీ, న్యాయశాస్త్రమునందుగానీ, గణాంకశాస్త్రమునందుగానీ ఎట్టి పరిజ్ఞానమూ లేనివారని ధ్రువపరచుకొనిన మీదట సామాన్య సభ్యురాలిగా నియమించడమైనది" అని ఉంది అందులో. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను చెబుతూనే ఉన్నాను, ఇన్నాళ్ళకి ప్రభుత్వం గుర్తించింది" అన్నాడు. ఆ పూట ఆయనకి కూర వడ్డించలేదు.

మా కొట్టు పెద్దాసుపత్రి గేటు పక్కనే. ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో 'వైద్య సాక్ష్యాల నిష్పక్షపాత సమీక్షా పీఠం' అని ఒక ఆఫీసుంది. బోర్డుకి గోడ చాలక చివరి రెండక్షరాలూ మలుపు తిరిగి మెట్ల మీదకి పోయాయి. ఫలానా వైద్యం పనిచేస్తుందా లేదా అని ప్రపంచంలో జరిగిన పరిశోధనలన్నీ పోగేసి, మంచివి ఏరి, తూకం వేసి చెప్పడం వాళ్ళ పని. బియ్యంలో రాళ్ళేరడం లాంటిదే. అలాంటి కమిటీలో ఏమీ తెలియని మనిషి ఒకరు ఉండి తీరాలట, ఆ మనిషి లేకపోతే సమావేశమే చెల్లదట. ముందు ఒక రిటైర్డు హెడ్మాస్టారిని అనుకున్నారు గానీ, ఆయనకి మరీ ఎక్కువ తెలుసని తేలింది. పీఠానికి మధ్యాహ్నం భోజనం పంపేది నేనే. డైరెక్టరు డాక్టర్ అనంతపద్మనాభం గారు ఒకరోజు వంకాయ కూర వేయించుకుంటూ, "అమ్మా, సిస్టమాటిక్ రివ్యూ అనగా నేమి?" అని అడిగారు.

"తెలీదండీ."

"మెటా ఎనాలిసిస్?"

"అదీ తెలీదండీ. కొంచెం రసం పొయ్యమంటారా?"

"శభాష్!" అన్నారాయన. ఆ గొంతులో ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నది దొరికిన ఆనందం వినిపించింది.

ఇంతకీ పీఠం ముందున్న పని ఇది. మా ఆసుపత్రిలో గురువారం గురువారం ట్రాన్స్‌జెండర్ క్లినిక్ నడిచేది. డాక్టర్ తబస్సుమ్ అని ఒకావిడ చూసేది. మగపిల్లాడివని పెంచినా తాము ఆడవాళ్ళమని ఎరిగినవాళ్ళు, ఆడపిల్లవని పెంచినా తాము మగవాళ్ళమని ఎరిగినవాళ్ళు అక్కడికొచ్చి, రక్తపరీక్ష చేయించుకుని, హార్మోను మందులు తీసుకెళ్ళేవారు. ఈలోగా ఒక పేపరు, ఈ వైద్యం మంచిదని తేల్చిన సమీక్షకి డబ్బు పెట్టింది ఆ మాత్రలు చేసే కంపెనీయేనని రాసింది. మర్నాడు ఇంకో పేపరు, ఈ వైద్యం చెడ్డదని తేల్చిన సమీక్షకి డబ్బు పెట్టింది ఇలాంటి మనుషులు అసలుండరనే ట్రస్టు అని రాసింది. రెండూ నిజమే. దాంతో మా పీఠానికి ఉత్తర్వు వచ్చింది. ఎవరి పక్షమూ లేని సమీక్ష ఆరు నెలల్లో చెయ్యండి, అందాకా క్లినిక్ మూసెయ్యండి, గడువులోగా నివేదికకి ఆమోదం పడకపోతే క్లినిక్ మామూలుగా తెరుచుకుంటుంది. ఇదీ దాని సారాంశం. ఇందులో మూసెయ్యడమనే పని ఆ సాయంత్రమే పూర్తయింది.

తొలి సమావేశానికి డాక్టర్ తబస్సుమ్ సంచీడు ఫైళ్ళు మోసుకుని వచ్చింది. డైరెక్టరు గారు ఆవిణ్ణి కూర్చోమనలేదు.

"మీరు ఈ వ్యక్తులకు చికిత్స చేయుచున్నారా?"

"ఎనిమిదేళ్ళ నుంచి చేస్తున్నానండీ."

"వారికి మేలు జరగవలెనని మీకు కోరిక కలదా?"

"కోరిక లేకుండా ఎలా ఉంటుందండీ?"

"నమోదు చేసుకోండి," అన్నారు డైరెక్టరు గారు, పక్కనున్న లాయరు సోమయాజులు గారి వైపు తిరిగి. "ఫలితముపై ఆశ కలదు. ప్రయోజన సంఘర్షణ."

"అంటే ఏంటండీ?" అన్నాను. ఇలా అడగడమే నా ఉద్యోగం.

"తీర్పులో తీర్పరికి సొంత ఆశ ఉండుట," అన్నారు లాయరు గారు.

డాక్టర్ తబస్సుమ్ సంచీ బల్ల మీద పెట్టింది. "నాకు ఆశ ఉందని పైన పెద్దక్షరాలతో రాయండి సార్. కంపెనీ డబ్బుతో చేసిన పరిశోధన అయితే అదీ రాయండి. చిన్నదైతే చిన్నదని రాయండి, తెలియనిది తెలియదని రాయండి. నాకే తెలియనివి బోలెడున్నాయి. చదివేవాళ్ళు చూసుకుంటారు. అంతేగానీ ఆ మనుషుల్ని చూసినవాళ్ళని బయటికి పంపేసి, చూడనివాళ్ళు కూర్చుంటే తెలిసేదెట్లా?"

"ఈ ఆవేదనయే మీ పక్షపాతమునకు ప్రబల సాక్ష్యము," అన్నారు డైరెక్టరు గారు ఎంతో మర్యాదగా. ఆవిణ్ణి పంపేశారు. ఎవరైనా పొరపాటున చదివి ప్రభావితులవుతారని ఆ సంచీని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ వారమే ఆవిణ్ణి పోస్టుమార్టం విభాగానికి మార్చారు. అక్కడి వాళ్ళకి మేలు జరగాలనే ఆశ ఆవిడకి ఉండే అవకాశం లేదని కారణం చూపించారు.

తరవాత లాయరు గారొక సందేహం లేవదీశారు. డాక్టరుకే పక్షపాతముంటే, ట్రాన్స్ మనుషులకి ఇంకెంత ఉంటుంది? తమ బతుకు గురించి తమకొక అభిప్రాయం ఉండే ప్రమాదం ఉంది కదా? కాబట్టి వాళ్ళెవరూ కమిటీలో ఉండకూడదన్నారు. వాళ్ళ అమ్మానాన్నలు, స్నేహితులు, ఇరుగుపొరుగు కూడా ఉండకూడదన్నారు. చివరికి డైరెక్టరు గారు సూత్రం చెప్పారు. "ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఒక్కరైననూ పరిచయమున్నవారు ఈ గదిలో ఉండరాదు. పరిచయమనగా పేరు తెలిసియుండుట."

అందరం ఒక్కొక్కరే లేచి, మాకు ఎవరూ తెలియదని ప్రమాణం చేశాం. నేనూ చేశాను. నాకు నిజంగానే ఎవరూ తెలియదు. తెలియకపోవడం ఒక అర్హతని ఆ రోజు తొలిసారి తెలిసి, కొంచెం గర్వపడ్డాను కూడా.

ఆ తరవాత రెండు రోజులకి మా కొట్టు ముందు బ్యాటరీ ఆటో ఆగింది. పొడుగాటి మనిషి దిగింది. చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుంది. జడలో కనకాంబరాలు. ఒక పప్పు, ఒక దొండకాయ వేపుడు కట్టమని, "మేడమ్, మూడో అంతస్తు కమిటీలో మీరున్నారంట కదండీ. గురువారం క్లినిక్కు ఎప్పుడు తీత్తారండీ? నా పేరూ..."

"ఆగు!" అని అరిచాను. గరిటె జారి పప్పులో పడింది. "పేరు చెప్పకమ్మా. చెప్పావంటే నాకు పక్షపాతం వచ్చేస్తుంది."

ఆవిడ వెనక్కి జరిగింది. "అదేం రోగమండీ? అంటుకుంటదా?"

"పేరు తెలిస్తే అంటుకుంటుందట."

ఆవిడ పకపకా నవ్వింది. ఆవిడ పేరు వాహిని. ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పటికి నాకు తెలియదు. తెలియకుండా ఉండడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఆటో వెనకాల ఏదో పేరు రాసుంటే అటు చూడకుండా మొహం తిప్పుకుని చిల్లర ఇచ్చేదాన్ని.

"పోనీ పేరు లేదనుకోండి," అంది. "డాక్టరమ్మ ఉన్నప్పుడు మూడు నెలలకోసారి రక్తం తీసి, చూసి, ఎంత కావాలో అంతే ఇచ్చేదండి. ఇప్పుడు మందుల షాపోడే మాకు డాక్టరు. ఆడు రెండంటే రెండు, నాలుగంటే నాలుగు మింగుతున్నామండి."

"కొన్నాళ్ళు మానెయ్యొచ్చు కదా?"

వాహిని నవ్వు ఆపింది. "అద్దంలో చూసుకోడానికి నాకు పాతికేళ్ళు పట్టిందండి. మానేత్తే మళ్ళీ ఆ పాత మొహమే వత్తది. మీ కమిటీ తీరుబాటుగా కూర్చుంటే కూర్చోండి, నాకేం పట్టింపు లేదు. నా ఒళ్ళు ఆగదు కదండీ."

నేను పప్పు పొట్లం కొంచెం బరువుగా కట్టాను. అది పక్షపాతం కిందికి వస్తుందేమోనని మళ్ళీ కొంచెం తీసేశాను.

రెండో సమావేశం డబ్బు గురించి. సమీక్ష చెయ్యాలంటే ఖర్చుంటుంది. మాత్రల కంపెనీ ఇస్తానంది, వద్దన్నాం. ట్రస్టు వారు ఇస్తామన్నారు, వద్దన్నాం. ఇద్దరి దగ్గరా చెరిసగం తీసుకుంటే రెండు పక్షపాతాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని లాయరు గారన్నారు గానీ, చెక్కు ముందు ఎవరిది మార్చాలన్న దగ్గర చర్చ ఆగిపోయింది. ప్రభుత్వం మంజూరు చేసిన సొమ్ము ఉండనే ఉంది. కానీ క్లినిక్ మూసేస్తే ప్రభుత్వానికి ఖర్చు తగ్గుతుంది, అంటే ప్రభుత్వానికీ ఆశ ఉందన్నమాట. ఆ సొమ్ము తిప్పి పంపేశాం.

"ఈ విషయముతో ఏ విధమైన ప్రయోజనమూ లేని ధనము కావలెను," అన్నారు డైరెక్టరు గారు.

వెతకడం మొదలుపెట్టాం. చీరల షాపు వారు ముందుకొచ్చారు. ట్రాన్స్ మహిళలు చీరలు కొంటారు, కాబట్టి పనికిరారన్నాం. పంచెల షాపు వారు ట్రాన్స్ మగవాళ్ళ మూలంగా పనికిరారన్నాం. బ్లేడ్ల కంపెనీ గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయింది. ఆఖరికి దొరికారు గన్ని వీర్రాజు గారు, జిల్లాలో సగం కోళ్ళ ఫారాలు ఆయనవే.

"తినేవోడు ఎవడైతే నాకేంటండీ?" అన్నారు వీర్రాజు గారు మెడలో గొలుసు సవరించుకుంటూ. "ఆడైనా మగైనా ఇంకోటైనా గుడ్డు గుడ్డేనండి. మీ పుస్తకంలో పేజీ పేజీ అడుగునా మా కోడి బొమ్మ వెయ్యండి, చాలు. ఆయ్."

డైరెక్టరు గారు లేచి ఆయన్ని కావలించుకున్నారు. అంత శుద్ధమైన డబ్బు పీఠం చరిత్రలోనే రాలేదన్నారు. దాతకి కమిటీలో ఒక కుర్చీ కూడా వేశారు.

ఇక పరిశోధనలు ఏరడం. ఈ పనికి ఇద్దరుండాలి, ఇద్దరూ ఒకరితో ఒకరు సంప్రదించుకోకుండా విడివిడిగా ఏరాలి, తేడా వస్తే మూడో మనిషి తేల్చాలి. ఇది ప్రపంచమంతా పాటించే పద్ధతట, మంచిదేనట. మా పీఠంలో ఏరేవాళ్ళు ఉమాపతి, కమలిని. చిక్కేమిటంటే వాళ్ళిద్దరూ భార్యాభర్తలు. నివేదిక పూర్తయ్యేదాకా ఇంట్లో కూడా మాట్లాడుకోకూడదని డైరెక్టరు గారు ఉత్తర్వు వేశారు. మాట్లాడుకోకుండా తేడాలు ఎలా తీరతాయని కమలిని అడిగితే, పద్ధతి ప్రకారం మూడో మనిషే తేలుస్తాడన్నారు. ఆ మూడో మనిషి డైరెక్టరు గారే గనక, వాళ్ళింట్లో సాంబారా చారా అన్నది కూడా మధ్యాహ్నం పన్నెండింటికి పీఠం నుంచి లిఖితపూర్వకంగా వెళ్ళేది.

వేల పరిశోధనలు వచ్చిపడ్డాయి. కంపెనీ డబ్బుతో చేసినవి తీసేశాం. ట్రస్టు డబ్బుతో చేసినవి తీసేశాం. ప్రభుత్వాల డబ్బుతో చేసినవీ తీసేశాం. ట్రాన్స్ మనుషుల్ని చూసే డాక్టర్లు చేసినవి తీసేశాం. చూడని డాక్టర్లు ఈ పరిశోధనలు చెయ్యరు గనక ఆ ఇబ్బంది రాలేదు. మిగిలిన కాసిన్నిటినీ లాయరు గారు ఒక్క ప్రశ్నతో తుడిచేశారు. "వీటిలో పాల్గొన్నవారు ఎవరు?"

"ట్రాన్స్ వ్యక్తులేనండీ," అన్నాడు ఉమాపతి.

"బలవంతముగానా?"

"లేదండీ, ఇష్టపడే చేరారు. బలవంతంగా చేస్తే నేరం కదండీ."

"ఇష్టపడినారు. అనగా ఆశ కలదు."

వడపోతకి ఒక్కటే తట్టుకుని నిలబడింది. నాటుకోళ్ళకి హార్మోను పెడితే గుడ్డు ఎలా మారుతుందన్న పరిశోధన అది. అందులో పాల్గొన్న కోళ్ళకి ట్రాన్స్‌జెండర్ల విషయంలో ఏ అభిప్రాయమూ లేదు. ఒక్కదానికీ ట్రాన్స్ మనుషులతో పరిచయం లేదు. డైరెక్టరు గారు దాన్ని గుండెలకి హత్తుకున్నారు.

"దీనికి డబ్బు పెట్టిందెవరండీ?" అన్నాను నేను.

కమలిని కాగితం తిప్పి చూసింది. "వీర్రాజు గారి బావమరిదండీ."

"మా బావమరిదికి ఆళ్ళెవరూ తెలీదండి," అన్నారు వీర్రాజు గారు ముందే.

"ఎట్టి సంఘర్షణయూ లేదు," అన్నారు డైరెక్టరు గారు.

ఐదో నెలకల్లా నివేదిక తయారైంది. రెండొందల పేజీలు, ప్రతి పేజీ అడుగునా కోడి. సారాంశం నాకిచ్చి బిగ్గరగా చదవమన్నారు, సామాన్యులకి అర్థమవుతుందో లేదో చూడ్డానికి. "లభ్యమగు ఏకైక నిష్పక్షపాత సాక్ష్యమును అనుసరించి, హార్మోను చికిత్స వలన మేలుగానీ కీడుగానీ కలదని చెప్పజాలము. అయితే గుడ్డు బలవర్ధకమని దృఢముగా చెప్పవచ్చును. కావున గురువారము క్లినిక్కునందు మందులకు బదులు ఒక్కొక్కరికి రెండేసి ఉడికించిన గుడ్లు ఇవ్వవలెను." నాకు అర్థమైంది. అర్థమవడమే వాళ్ళకి కావలసింది గనక, ఆ పేజీకి నా మెప్పు కూడా దొరికిందని రాసుకున్నారు.

ఆమోదానికి ముందు ఒక గురువారం నమూనాగా పంచి చూడాలన్నారు. గుడ్లు ఉడికించే పని నాకే ఇచ్చారు. మంచి బేరమే. అయినా ఒకమాట అడిగాను. "ఏవండీ, గుడ్లమీద నాకు లాభం వస్తుంది. మరి ఇది ఆశ కాదాండీ?"

డైరెక్టరు గారు చిరునవ్వు నవ్వారు. "అమ్మా, మీ ప్రయోజనము గుడ్డునందు. సమీక్ష ట్రాన్స్‌జెండర్ వైద్యముపైన. రెండింటికీ సంబంధమేమి?"

నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ఎందుకబద్ధం చెప్పాలి, ఆ నెల గ్యాసు బండ ఖర్చు దాంతో గట్టెక్కింది.

ఆ గురువారం క్లినిక్ గుమ్మంలో బేసిను పెట్టుకుని కూర్చున్నాను. మందులిస్తారనుకుని చాలామంది వచ్చారు. గుడ్లు చూసి కొందరు తిట్టారు, కొందరు నవ్వారు, ఒకమ్మాయి గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆఖర్న వాహిని వచ్చింది. ఎడం కాలు ఈడుస్తూ వచ్చింది. ఆ కాలికి చెప్పు లేదు. పాదం నుంచి పిక్క దాకా వాచి, ఎర్రగా నిగనిగలాడుతోంది.

"ఆ కాలేంటమ్మా అలా ఉంది?"

"అదే తెలీట్లేదండి. షాపోణ్ణి అడిగితే ఆటో తోలడం వల్లంటాడు. డాక్టరమ్మని అడుగుదామంటే శవాల గదిలోకి మమ్మల్ని రానివ్వరు కదండీ."

"క్యాజువాలిటీకి వెళ్ళలేకపోయావా?"

"ఎళ్ళానండి. ఆడోళ్ళ లైన్లో నుంచుంటే ఆళ్ళు పొమ్మన్నారు, మగోళ్ళ లైన్లో నుంచుంటే ఈళ్ళు నవ్వారు. బేరాలు పోతున్నాయని వచ్చేశాను." చెయ్యి చాపింది. "ఇయ్యండి మరి. రెండేనా, మూడో గుడ్డుకి ఇంకో కమిటీ ఎయ్యాలా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు ఎవరిమీదో తెలియలేదు. డైరెక్టరు మీదనుకున్నాను, లాయరు మీదనుకున్నాను. ఆ వాచిన కాలు ముందు బేసినులో గుడ్లు పెట్టుకుని కూర్చున్నది మాత్రం నేనే. ఐదు నెలలు ఈ మనిషికి కూర కట్టాను, ఏమ్మా ఎలా ఉన్నావని ఒక్కసారి అడగలేదు. అడిగితే నా కుర్చీ పోతుందని భయం. ఆ కుర్చీకేముంది, నాలుగు సమోసాలూ ఒక టీ తప్ప!

"నీ పేరేంటమ్మా?" అన్నాను.

వాహిని చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దండీ, మీకు రోగం అంటుకుంటది."

"చెప్పు."

"వాహిని అండి. నేనే పెట్టుకున్నాను. పారే నీళ్ళని అర్థమంట, డాక్టరమ్మ చెప్పింది."

"బావుంది. ఇప్పుడే క్యాజువాలిటీకి పద, నేను వస్తాను."

"ఇయ్యాల కాదండి. స్కూలు పిల్లలు నా కోసం గేటు కాడ నిలబడుంటారు," అని ఆటో ఎక్కేసింది. ఎంత చెప్పినా వినలేదు.

"పోనీ రేపు మధ్యాహ్నం భోజనం క్యారియర్లు మూడో అంతస్తుకి నువ్వే తీసుకురా. అక్కణ్ణించి నిన్ను నేనే తీసుకెళ్తాను. లిఫ్టులో రా, మెట్లెక్కకు," అన్నాను.

మర్నాడే ఆమోద సమావేశం. వీర్రాజు గారు పట్టు చొక్కా వేసుకొచ్చారు. డైరెక్టరు గారు పెన్ను మూత తీస్తుండగా నేను లేచి నిలబడ్డాను.

"అయ్యా, నాకొక ట్రాన్స్ మనిషి తెలుసండీ."

పెన్ను ఆగిపోయింది. "ఎప్పటినుండి?"

"నిన్నటినుంచండీ. పేరు..."

"చెప్పవద్దు!" అని డైరెక్టరు గారు రెండు చెవులూ మూసుకున్నారు. లాయరు గారు ఫైలుతో మూసుకున్నారు. అప్పుడే తలుపు తోసుకుని వాహిని క్యారియర్లతో లోపలికొచ్చింది. నేను అనుకున్నది ఇంతవరకే. ఆమెని చూపించి, నేను అనర్హురాలినని చెప్పి, సామాన్య సభ్యురాలు లేని సమావేశాన్ని ఆపేద్దామనుకున్నాను. ఆ తరవాత జరిగిందాంట్లో నా తెలివేమీ లేదు.

"నమస్కారమండీ డాక్టరు గారూ," అంది వాహిని. "అమ్మగారికి ఆయాసం తగ్గిందాండీ? పోయిన నెల మెట్లెక్కలేకపోతే నేనే ఎత్తుకుని తీసుకెళ్ళాను."

డైరెక్టరు గారి చేతులు చెవుల మీంచి జారాయి. "నువ్వా వాహినీ! అమ్మ నిన్నే తలుస్తోంది. నువ్వు... నువ్వు ఈ... నాకు తెలియదే!"

"ఇప్పుడు తెలిసినది," అన్నారు లాయరు గారు, వృత్తిధర్మం ఊరుకోనివ్వక. "పేరు కూడా మీ నోటితోనే వచ్చినది. మీరు అనర్హులు."

"సోమయాజులు గారూ," అంది వాహిని ఆయన వైపు తిరిగి. "నా పేరు మార్చిన అఫిడవిట్టు భలే రాశారండి. ఆధార్లో కూడా మారిపోయింది."

లాయరు గారు ఫైలు మొహానికి ఇంకొంచెం దగ్గరగా పెట్టుకున్నారు. "అది క్లయింటు రహస్యము. ప్రమాణము కిందికి రాదు," అని గొణిగారు.

వీర్రాజు గారు కుర్చీ లోపలికి కుంగిపోదామని చూశారు గానీ, ఆ పొట్టతో కుదర్లేదు. "కొత్త ఫారం ఎలా ఉందండీ వీర్రాజు గారూ?" అంది వాహిని. ఇక లాభం లేదని ఆయన మెడలో గొలుసు బయటికి లాగారు. దానికి రూపాయి బిళ్ళ కట్టి ఉంది. "ఫారం తెరిచిన్నాడు ఈవిడ చేత్తోనే బోణీ చేయించానండి. ఈ రూపాయి వచ్చాకే నాకు కలిసొచ్చింది. పీఠాలు పోతే పోతాయి, ఈవిడ తెలీదని మాత్రం నేననను. కళ్ళు పోతాయి. ఆయ్."

ఇక మిగిలింది ఏరేవాళ్ళిద్దరూ. వాహిని వాళ్ళకేమీ చెప్పలేదు. కమలినే ముందు ఏడ్చేసింది. ఇంట్లో మాట్లాడుకోకూడదన్నారు గనక, ఐదు నెలలుగా మొగుడూ పెళ్ళాల మాటలన్నీ అటూ ఇటూ మోసింది వాహిని ఆటోయేనట. పాలపాకెట్ తెమ్మన్న సంగతీ, అత్తగారు వస్తోందన్న సంగతీ, కమలినికి మూడో నెలన్న సంగతి కూడా ఉమాపతికి ఆమే చెప్పిందట.

మా ఊళ్ళో ట్రాన్స్ మనిషి ఎవరూ తెలియనివాళ్ళతో ప్రభుత్వం వెతికి వెతికి వేసిన కమిటీ అది. డైరెక్టరు గారు నీరసంగా "సమావేశము వాయిదా" అన్నారు. అనర్హుడైన అధ్యక్షుడు వాయిదా వెయ్యడానికి వీల్లేదని లాయరు గారు చెప్పారు. అనర్హుడైన లాయరు మాట చెల్లదని డైరెక్టరు గారన్నారు. చట్టప్రకారం ఆ సమావేశం ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

ఆ గొడవలోంచి తేరుకుని నేను వెనక్కి చూసేసరికి వాహిని లేదు. క్యారియర్లు బల్ల మీద పెట్టి, స్కూలు బేరానికి వెళ్ళిపోయింది. తరవాత నాలుగైదు రోజులు మా వీధివైపు రాలేదు. వచ్చాక క్యాజువాలిటీకి పదమంటే, డాక్టరమ్మ వచ్చాకే చూపించుకుంటానంది.

కొత్త కమిటీ కోసం పేపర్లో ప్రకటన ఇచ్చారు, 'ఎవరినీ ఎరుగని వ్యక్తులు కావలెను' అని. వచ్చినవాళ్ళని ప్రమాణం చెయ్యమంటే, చేతులెత్తి మళ్ళీ దించేశారు. ఒకాయనకి మేనకోడలు, ఒకావిడకి పూలమ్మే అమ్మాయి, ఇంకొకాయనకి తనే. ఈలోగా గడువు దాటిపోయింది. నివేదికకి ఆమోదం లేదు. డాక్టర్ తబస్సుమ్‌ని పోస్టుమార్టం గదిలోంచి పైకి రప్పించారు. బీరువా తాళం తీసి సంచీ ఇచ్చేశారు. గురువారం క్లినిక్ తలుపు తెరుచుకుంది.

వరసలో మొదటి మనిషి వాహిని. కొత్త చీర కట్టుకుంది. నేను గెలిచినట్టు నవ్వుకుంటూ వెనకాలే వెళ్ళాను. డాక్టర్ తబస్సుమ్ మందుల వైపు కూడా చూడలేదు. వంగి ఆ కాలు నొక్కి చూసింది. వాహిని పళ్ళు బిగించింది.

"ఎన్ని మాత్రలు వేసుకుంటున్నావు?"

"ఎన్నంటే... షాపోడు ఎన్నంటే అన్నండి."

డాక్టరమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. "కాల్లో రక్తం గడ్డకట్టినట్టుంది. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకముందే వచ్చావు, అదే అదృష్టం. మాత్రలన్నీ ఈ క్షణం నుంచి ఆపెయ్యాలి."

"ఆరు నెలలు ఎదురుచూసిందండీ డాక్టరమ్మా," అన్నాను నేను. "ఇవ్వాళ ఆమెకి మందివ్వరా?"

"ఇవ్వాళ ఇవ్వలేనండీ. ఇది తగ్గాక పరీక్షలు చేసి చూడాలి. ఏమివ్వొచ్చో, అసలు ఇవ్వొచ్చో లేదో ఇప్పుడు చెప్పలేను. మూడు నెలలకోసారి చూసుకుంటూ ఉంటే ఇక్కడిదాకా రాకపోను."

వాహిని చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తరవాత, "మరి నా మొహం?" అంది మెల్లగా, ఎవరినీ అడగనట్టు. అంత శుద్ధంగా, ఒక్క మచ్చ పడకుండా ఆరు నెలలు కూర్చుని మేం చేసిన పని ఇది.

చక్రాల కుర్చీలో ఆడవాళ్ళ వార్డుకి తీసుకెళ్ళాం. ఈసారి ఎవరూ లైను సంగతి ఎత్తలేదు, కుర్చీ తోస్తున్నది డాక్టర్ తబస్సుమ్ గనక. సెలైన్ పెట్టారు. నర్సు చేతిలో అట్టతో గుమ్మంలోకి వచ్చి గట్టిగా పిలిచింది.

"పేషెంటు వాహిని తాలూకా ఎవరండీ? ఎవరైనా ఉన్నారా?"

వాహిని మొహం గోడవైపు తిప్పుకుంది. అలా పిలిచినప్పుడు ఎవరూ పలకరని ఆమెకి అలవాటే కాబోలు.

"నేనేనండీ," అన్నాను.

"మీరేమవుతారు?"

"అక్కని."

నర్సు నన్ను ఎగాదిగా చూసింది. వాహినిని చూసింది. రాసుకుంది. "అయితే రాత్రికి మీరే ఉండాలి. కాలు కిందికి దించనివ్వకండి," అని వెళ్ళిపోయింది.

మంచం మీంచి చిన్నగా నవ్వు వినబడింది. వాహిని ఇటు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి గానీ మొహంలో కొంటెతనం పోలేదు. "అయిపోయిందండి మీ పని," అంది. "పూర్తిగా ముదిరిపోయింది మీకు, ఆ పక్షపాతం."

"ముదిరితే ముదిరిందిలే," అని స్టూలు దగ్గరకి లాక్కుని, ఆమె కాలి కింద ఇంకో దిండు పెట్టాను.